పడుకున్న పిండి

సేబ్యా అవ్వ జాడీ మీది గుడ్డ తీస్తుంది, అంచుకు చెవి ఆనించి వింటుంది, ఆ తరవాత తల తిప్పి కోడలి మొహంలోకి చూస్తుంది. పదహారేళ్ళుగా పొద్దున్నే ఇదే వరస. పెళ్ళయిన కొత్తలో అంపారోకి ఆ చూపు అర్థం కాలేదు. పిండి బాగా పొంగిందన్న సంతోషంతో చూస్తోంది కాబోలనుకుని తనూ నవ్వేది. ఆ పొంగడమే తన తప్పని తెలుసుకోవడానికి ఆమెకు ఆర్నెల్లు పట్టింది.

ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. కడుపుతో ఉన్న మనిషి వదిలేసిన ఎంగిలి తింటే పక్కవాళ్ళకి పట్టపగలే నిద్ర ముంచుకొస్తుంది. వేవిళ్ళ మనిషి మొగుడు పనిలో నిలబడి జోగుతాడు. మరి పులిసే పిండి మాత్రం మనిషికి తీసిపోయిందా? కడుపుతో ఉన్న ఆడది చెయ్యి పెడితే అదీ పడుకుంటుంది, రెండు మూడు రోజుల దాకా లేవదు. మంత్రసాని కంటే ముందు, ఒక్కోసారి ఆ ఆడదాని కంటే ముందు, సంగతి జాడీకే తెలుస్తుంది. సేబ్యా అవ్వకి ఆ జాడీ అత్తగారి నుంచి వచ్చింది. తన ఒక్కగానొక్క కొడుకు సిమియోన్ కడుపున పడ్డాడని మొదట చెప్పింది ఆ జాడీయేనని ఆవిడ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. ఆ సిమియోన్ పెళ్ళామే అంపారో. ఆమె చెయ్యి పెట్టిన పిండి పదహారేళ్ళలో ఒక్కరోజైనా పడుకోలేదు.

ఆ సోమవారం బోరింగు వాసరు తెగింది. కొత్తది కొనుక్కొస్తానని తన మూడు చక్రాల బండి మీద పొద్దుననగా వెళ్ళిన సిమియోన్, వాసరు సంగతి మరిచిపోయి సాయంత్రానికి చేపలు తెచ్చాడు. మధ్యాహ్నం పిండి రుబ్బే వేళకి ఇంట్లో నీళ్ళు లేవు. బావి నీళ్ళు కావాలంటే రెండు బకెట్లతో చర్చి వెనక దాకా నడవాలి. అంపారోకి రెండు రోజులుగా నడుము పట్టేసి ఉంది. వాకిట్లో కొత్తగా వేసిన కుళాయి ఉండనే ఉంది. వరద తీశాక కుళాయి నీళ్ళలో మందు గట్టిగా కలుపుతున్నారు, బిందెలో పడుతుంటేనే ముక్కు మండుతుంది. ఆ నీళ్ళతో కాళ్ళు తప్ప ఇంకేదీ కడగడానికి వీల్లేదని అత్తగారి ఆజ్ఞ. కానీ అత్తగారు కునుకు తీస్తోంది. పనికి వచ్చే పిల్ల దెల్ఫీనా అరిటాకులు కోయడానికి పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళు నీళ్ళే కదా అనుకుని అంపారో కుళాయి కింద బిందె పెట్టింది.

నానిన బియ్యం చెంచాడు చెంచాడు చొప్పున తిరగలి కన్నంలో వేస్తూ, నీళ్ళు చిలకరిస్తూ రుబ్బింది. దెల్ఫీనా ఆకులు తెచ్చి పడేసి, తిరగలి పిడి అందుకుని సగం పని చేసింది. జాడీ అడుగున అట్టేపెట్టిన నిన్నటి తోడు మీద కొత్త పిండి పోసి, అంపారో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. "మీ నడుం బాగాలేదు, లేవండక్కా," అని చివర్లో దెల్ఫీనా నాలుగు తిప్పులు తిప్పింది. ఇద్దరూ కలిసి గుడ్డ కట్టారు.

మంగళవారం కోడి కూసే వేళకి పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. దెల్ఫీనా ఆవిరి బుట్టల్లో ఆకులు పరిచి సిద్ధంగా నిలబడింది. గుమ్మంలో తెక్లా గంప పట్టుకుని ఎప్పటిలాగే తొందరపెడుతోంది. తెక్లా చర్చి ముందు పంది రక్తం కూర అమ్ముతుంది. ఆ కూరలోకి సేబ్యా అవ్వ చేసిన, 'పూతో' అని పిలిచే బియ్యప్పిండి ఆవిరి కుడుములే ఉండాలి, ఇంకెవరివి పెట్టినా జనం మొహం తిప్పుకుని పోతారు. ఈ మధ్య ఆవిడ గంపతోపాటు ఇంకో మాట కూడా మోసుకొస్తోంది. ఆవిడ రెండో కొడుకు రొదెల్ దెల్ఫీనానే చేసుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. వచ్చే ఆదివారం పిల్లనడగడానికి వాళ్ళింటికి వెళ్ళాలి. పెద్ద చేట నిండా కుడుములు కావాలని అప్పటికే చెప్పి ఉంచింది.

"కానివ్వండి అవ్వా. మొదటి పూజ వదిలారంటే జనం నా మీద పడిపోతారు."

"ఆగవే, నీ రక్తం కూర ఎక్కడికీ పారిపోదు," అంటూ సేబ్యా అవ్వ గుడ్డ ముడి విప్పి జాడీకి చెవి ఆనించింది.

పులిసిన పిండికి ఒక చప్పుడుంటుంది. వాన వెలిశాక చూరు కింద వినిపించేలాంటి చిన్న చిటపట. ముసలావిడ కుడి చెవితో విన్నది. ఎడమ చెవితో విన్నది. వేలు ముంచి పైకెత్తి చూసింది. పిండి సున్నం నీళ్ళలా వేలి మీంచి జారిపోయింది.

"పడుకుంది," అంది మెల్లిగా.

కుళాయి నీళ్ళు, అనుకుంది అంపారో వెంటనే. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. కానీ అత్తగారు అప్పటికే లేచి తన వైపు వస్తోంది. ఆ మొహంలో పదేళ్ళ వయసు తగ్గిపోయింది. ఇన్నాళ్ళూ అణిచిపెట్టుకున్న ఆశంతా ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చేసింది. పిండి అంటిన చెయ్యి అలాగే తెచ్చి కోడలి పొట్ట మీద పెట్టింది.

"నెల తప్పిందా తల్లీ? నాకెందుకు చెప్పలేదు?"

తల్లీ అని ఆవిడ పిలవడం అదే మొదలు. నెల తప్పలేదని అంపారోకి తెలుసు. నీళ్ళ సంగతీ తెలుసు. అయినా ఆ చెయ్యి వెచ్చగా అక్కడ ఉన్నంతసేపూ, ఏమో, ఒకవేళ, అని ఆమె కూడా నమ్మింది. తరవాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకు తన మీద తనకే జాలి వేసేది.

"లేదమ్మా," అంది చివరికి. "పోయిన వారమే అయింది."

చెయ్యి వెనక్కి పోయింది. గౌను మీద ఐదు వేళ్ళ తెల్లటి అచ్చు మిగిలింది.

"నువ్వు కాదా," అంది ముసలావిడ, ఎప్పటి గొంతుతో. ఆ ఇంట్లో జాడీ ముట్టుకునే ఆడవాళ్ళు ముగ్గురు. ఒకరికి డెబ్భై ఆరేళ్ళు. ఒకామె కాదని చెప్పింది. సేబ్యా అవ్వ తల నెమ్మదిగా మూడో మనిషి వైపు తిరిగింది. గుమ్మంలో తెక్లా తల కూడా తిరిగింది.

"దెల్ఫీనా, నిన్న పిండిలో చెయ్యి పెట్టావా?"

"రోజూ పెడుతూనే ఉన్నా కదండీ అవ్వా."

"నిన్నటి మాట చెప్పు."

"పెట్టాను. అక్క కలిపాక నాలుగు తిప్పులు తిప్పాను."

"నా మొహం చూసి చెప్పు అమ్మాయ్."

దెల్ఫీనా చూడలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల, మాటకి మాట అప్పగించే పిల్ల, ఆ రోజు ఒక్క మాట అనలేదు. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, తిరగలి మీద ఉంచింది. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది. మూల నిలబెట్టిన గొడుగు కూడా తీసుకోలేదు.

"యేసూ మరియా," అంది తెక్లా. ఖాళీ గంప ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. "ఆదివారం కుడుముల మాట నేను తరవాత చెబుతాలెండి అవ్వా."

చెప్పాల్సిన మాట అంపారో గొంతులోనే ఉంది. ఇప్పుడు చెబితే, ఆ ముసలి ప్రాణానికి ఆశ పెట్టి లాగేసింది తన బద్ధకమేనని ఒప్పుకోవాలి. అదీ తెక్లా ముందు. వెళుతున్న పిల్ల వీపు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆ తరవాత జాడీ అడుగున తోడు మాత్రం ఉంచి, పడుకున్న పిండి పందుల తొట్టిలో పారబోసింది.

బుధవారానికి కబురు వీధంతా పాకింది. ఆ తోడు మీద పోసిన కొత్త పిండి అయితే లేవలేదు. సేబ్యా అవ్వ ఇంట్లో పని ఆగకూడదని సిమియోన్‌ని బేకరీకి తరిమి ఈస్టు తెప్పించింది. ఆ కుడుములు ఉబ్బిన మాట నిజమే కానీ, కొరికితే రొట్టె వాసన. తెక్లా పది తీసుకుని తొమ్మిది తిప్పి పంపింది. ముసలావిడ ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటే విరిచి చూసి కోళ్ళకి వేసింది.

అంపారో అప్పుడే చెప్పేసింది. బియ్యం కడుగుతూ, తల ఎత్తకుండా.

"అమ్మా, సోమవారం నేను కుళాయి నీళ్ళు పోశాను. బోరింగు చెడింది కదా. ఆ మందు నీళ్ళకే మీ తోడు చచ్చిపోయింది. ఆ పిల్ల చేసిందేం లేదు."

"నువ్వు దాన్ని వెనకేసుకురాకు."

"వెనకేసుకురావడం కాదమ్మా, జరిగింది చెబుతున్నా."

"నీళ్ళకి పిండి పడుకోవడం నా జన్మలో చూళ్ళేదు. పెద్ద వరదొచ్చిన ఏడాది కాలవ నీళ్ళతో రుబ్బాం. ఎంచక్కా లేచింది." ముసలావిడ కోళ్ళని అదిలించింది. "పిల్లల్లేని మనసు మెత్తగా ఉంటుందిలే. ఎవరి పిల్లని చూసినా కరిగిపోతావు. ఆ పిల్ల చెయ్యి పోయిందిగా, మూడు రోజులాగు, పిండి అదే లేస్తుంది. వెళ్ళి ఆకులు తుడువు."

పిల్లల్లేని మనసు. అంపారో అరిటాకులు ముందేసుకుని, తుడిచిన ఆకే మళ్ళీ తుడుస్తూ కూర్చుంది. నిజం చెబితే నమ్మరని ఆమె అనుకోలేదు. తిడతారనుకుంది. తిట్లకి సిద్ధపడి వచ్చింది. ఇలా దయగల మనిషిని చేసి పక్కన కూర్చోబెడతారని కలలో కూడా అనుకోలేదు.

సిమియోన్‌తో అంటే అతను వాసరు బిగిస్తూ తల గోక్కున్నాడు.

"నేను చెప్పాలా? అమ్మకా? జాడీ విషయంలోనా? దానికంటే నన్ను సముద్రంలో దూకమను."

గురువారం బజారులో తెక్లా ఎదురుపడింది. రక్తం కూరలోకి పచ్చిమిరపకాయలు ఏరుతోంది. అంపారోని చూసి తనే మొదలుపెట్టింది.

"ఆదివారం వెళ్ళడం లేదమ్మా. మా వాడు తలుపేసుకుని కూర్చున్నాడు, అన్నం ముట్టడు. కూర్చోనీ. పిల్ల బుద్ధిమంతురాలని ఒప్పుకున్నాను. ముందే కడుపు తెచ్చుకుని నా కొడుకు మెడకి చుట్టుకునే రకమైతే నాకొద్దు. రేపు వీధిలో నేను గంప పెట్టుకుని ఎలా కూర్చోను?"

"తెక్లా అక్కా, అది నా తప్పు. నేనే కుళాయి నీళ్ళు..."

"విన్నానులే, అవ్వ చెప్పింది." తెక్లా ఆమె భుజం తట్టింది. "నీది మంచి మనసు."

ఆ మాటకి అంపారోకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళి, మూలనున్న గొడుగు తీసుకుని, వడ్ల మిల్లు వెనక దెల్ఫీనా వాళ్ళ ఇంటికి బయలుదేరింది. వెళ్ళి ఏం చెయ్యాలో తెలియదు. కనీసం ఒక మనిషి ముందైనా తన తప్పు తప్పుగా నిలబడాలి, అంతే.

వెదురు మెట్ల కింద నిలబడి పిలిస్తే దెల్ఫీనా తల్లి బసిలిసా తలుపు తీసింది. కీళ్ళ నొప్పులతో ఆవిడ వేళ్ళు వంకర్లు పోయాయి. రా అనలేదు, వద్దనలేదు. లోపల దెల్ఫీనా నేల మీద కూర్చుని ఒక బేసినులో పిండి కలుపుతోంది. మోచేతి దాకా చెయ్యి తెల్లగా ఉంది. పక్కనే అటక మీంచి దించిన చిన్న కుండ.

"గొడుగు మరిచిపోయావు," అంది అంపారో.

"అక్కడ పెట్టండి."

గొడుగు పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడిపోయింది. కుండలోంచి చప్పుడు వినిపిస్తోంది. చిటపట, చిటపట. వంగి చూసింది. పిండి కుండ అంచు దాకా లేచి, బుడగలు చిట్లుతూ ఉంది. పుల్లటి, తియ్యటి, ఆ ఇంటి వాసన. పదహారేళ్ళుగా తన జుట్టుకి పట్టిన వాసన.

"ఇది మన తోడు కాదూ?"

"శనివారం మీరే కొబ్బరిచిప్పలో పోసి ఇచ్చారుగా. ప్రతి శనివారం ఇస్తారుగా. అదే. ఇంట్లో తినడానికి రోజూ కాస్త వేసుకుంటాం."

"మంగళవారం నుంచీ రోజూ?"

"మంగళవారానికి ముందు కూడా."

"కలిపేదెవరు?"

"ఎవరు కలుపుతారు? అమ్మ చేతులు చూశారుగా. నేనే."

అంపారో మొహం విప్పారింది. "అయితే ఇంకేం! నువ్వు చెయ్యి పెట్టిన పిండి లేచింది. ఇదొక్కటి చాలు. మా అత్తగారి కళ్ళకి చూపిస్తా, తెక్లాకి చూపిస్తా. నీ మీద ఏ మచ్చా లేదని..."

దెల్ఫీనా తల్లి వైపు చూసింది. బసిలిసా కిటికీ వైపు తిరిగింది.

"అక్కా," అంది దెల్ఫీనా, పిండిలోంచి చెయ్యి తియ్యకుండానే. "నాకు మూడో నెల."

కుండ చిటపటమంటూనే ఉంది. అంపారో ఉన్నచోటే నేల మీద కూర్చుంది. పిల్ల చెయ్యి చూసింది. కుండ చూసింది. మూడు నెలలు. తమ ఇంట్లో కూడా ఆ చెయ్యి మూడు నెలలుగా రోజూ జాడీలో మునిగింది, పిండి రోజూ లేచింది. పెద్దావిడ రోజూ గుడ్డ తీసి, చెవి పెట్టి విని, తన మొహంలోకి చూసింది. ఆ జాడీకి ఏమీ తెలియదు. ఎప్పుడూ ఏమీ తెలియదు. వర్షాకాలంలో, ఎండాకాలంలో, జ్వరం వచ్చిన రోజుల్లో, పండగ రోజుల్లో, ఇవాళైనా పడుకోవే అని లోపల్లోపల వేడుకుంటూ పొయ్యి దగ్గర నిలబడ్డ ఆ పొద్దులన్నీ ఒక మట్టి జాడీ ముందు నిలబడ్డ పొద్దులు. అంపారో ఏడ్చింది. పైట లేదు కనక గౌను అంచు మొహానికి అడ్డం పెట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చింది.

దెల్ఫీనాకి ఇదంతా తన కోసమే అనిపించింది. "ఊరుకోండక్కా. రొదెల్‌కి తెలుసు. పెళ్ళి త్వరగా అయిపోతే ఎవరూ నెలలు లెక్కపెట్టుకోరు అనుకున్నాం. ఆదివారం ఒక్కటి గడిస్తే చాలనుకున్నాం. ఇంతలో మీ జాడీ నా పరువు వీధిలో పెట్టింది."

"జాడీ కాదు." అంపారో మొహం తుడుచుకుంది. "నేను. సోమవారం నేను కుళాయి నీళ్ళతో రుబ్బాను. తోడు చచ్చింది. అవ్వ గుడ్డ తీసినప్పుడే నాకు తెలుసు."

దెల్ఫీనా చెయ్యి పిండిలో ఆగిపోయింది.

"తెలుసా? తెలిసి కూడా నోరు మూసుకుని నిలబడ్డారా?"

"నిలబడ్డాను."

"ఆవిడ నన్నలా చూస్తుంటే. ఆ తెక్లా చూస్తుంటే. నీళ్ళు అని ఒక్క ముక్క అనలేకపోయారా? ఆ ఒక్క ముక్క అని ఉంటే నా వైపు ఎవరు చూసేవాళ్ళు?"

"ఆవిడ నా పొట్ట మీద చెయ్యి వేసింది. తల్లీ అంది." ఇంతకంటే చెప్పడానికి అంపారో దగ్గర ఏమీ లేదు. అది సరిపోదనీ తెలుసు. "తరవాత చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మంచి మనసంటున్నారు."

దెల్ఫీనా ఉన్నట్టుండి నవ్వేసింది. కోపంతోనే నవ్వింది. "మంచి మనసా! మీకా!"

"నాకే."

కిటికీ దగ్గర బసిలిసా మొదటిసారి నోరు విప్పింది. "ఇప్పుడేం చేద్దామని వచ్చావు?"

అంపారో కుండ వైపు చూసింది. ఇంతసేపూ ఏడ్చిన మనిషి గొంతు ఇప్పుడు స్థిరంగా ఉంది.

"రేపు మధ్యాహ్నం నానిన బియ్యం తెస్తాను. బావి నీళ్ళు కూడా నేనే తెస్తాను. ఇక్కడే, నా కళ్ళ ముందే ఈ పిల్ల కలపాలి. ఆ పిండి పట్టుకెళ్ళి మా జాడీలో పోస్తాను."

"అబద్ధం చెబుతారా?" అంది దెల్ఫీనా.

"ఒక్కటి కూడా చెప్పను. కలిపింది ఎవరో అది చెబుతాను. మిగతాది వాళ్ళంతట వాళ్ళే అనుకుంటారు. వాళ్ళకి నా మాట మీద నమ్మకం లేదు, జాడీ మీద ఉంది."

శుక్రవారం సాయంత్రం అత్తగారు చర్చికి వెళ్ళిన సమయం చూసి, అంపారో చచ్చిన తోడు గీకి పారేసింది. బావి నీళ్ళతో జాడీ మూడుసార్లు కడిగింది. దెల్ఫీనా కలిపిన పిండి సిమియోన్ బండి మీంచి దించి అందులో పోసింది. గుడ్డ కట్టేటప్పుడు ముడి రెండుసార్లు జారింది.

శనివారం పొద్దున తెక్లా గంపతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. బేకరీ కుడుములైతే తనకొద్దని ముందే చెప్పేసింది. సేబ్యా అవ్వ ఆ మాట పట్టించుకోకుండా జాడీ దగ్గర కూర్చుని, గుడ్డ తీసి, చెవి ఆనించింది. ఆనించి అలాగే ఉండిపోయింది. ముడతల మొహం మెల్లగా వెలిగింది.

"లేచింది," అంది. "లేచిందే తెక్లా! ఏం చెప్పాను? మూడు రోజులన్నాను. ఆ పిల్ల చెయ్యి తప్పుకుంది, పిండి లేచింది. నా జాడీ అబద్ధం చెప్పదు."

ఆ తరవాత అలవాటు ప్రకారం తల తిప్పి కోడలి మొహంలోకి చూసింది. అంపారో ఈసారి కళ్ళు దించుకోలేదు.

"ఆ పిల్లే కలిపిందమ్మా."

"ఏ పిల్ల?"

"దెల్ఫీనా. నిన్న మధ్యాహ్నం, వాళ్ళింట్లో, నా ముందే. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. తోడు కూడా వాళ్ళింట్లోదే, మనం శనివారాలు ఇచ్చేదే. మనది ఎప్పుడో చచ్చింది. కావాలంటే బసిలిసాని అడగండి."

పొయ్యి మీద నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. ముసలావిడ మళ్ళీ జాడీ వైపు వంగింది. విన్నది. వేలు ముంచి పైకెత్తింది. పిండి వేలికి చిక్కగా పట్టుకుని, బుడగలతో నెమ్మదిగా జారింది.

"వండు," అంది.

బుట్టలు పొయ్యెక్కాయి. మూత తీస్తే కుడుములు గుండ్రంగా, తెల్లగా, నడినెత్తిన పగిలి ఉన్నాయి. తెక్లా ఒకటి వేళ్ళు కాలుతుండగానే తీసి కొరికింది. నమిలింది. ఇంకో ముక్క కొరికింది. శిలువ గుర్తు వేసుకుంది.

"అయితే ఆ పిల్లకి..."

"నా జాడీ అబద్ధం చెప్పదని ఇప్పుడే అన్నాను కదుటే," అంది సేబ్యా అవ్వ. గొంతు కాస్త బొంగురుపోయింది. "ముసలిదాన్ని, తొందరపడ్డాను. ఆదివారం చేట నేనే పట్టుకొస్తాను. నీ కొడుకుని అన్నం తినమను." వెంటనే కోడలి మీదికి తిరిగింది. "మరి మంగళవారం నా పిండి ఎందుకు పడుకుంది?"

"కుళాయి నీళ్ళు పోశానని చెప్పానుగా అమ్మా."

"కుళాయి నీళ్ళా! మా అత్త చేతి తోడు! యాభై ఏళ్ళుగా కాపాడుకొచ్చిన తోడు! నడుం నొప్పెడితే నాకు చెప్పి చావొచ్చుగా, నేను పాక్కుంటూ వెళ్ళైనా తెచ్చేదాన్ని! పిల్లని అన్యాయంగా ఇంట్లోంచి వెళ్ళగొట్టించావు, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని నిలబడ్డావు, నువ్వూ ఒక మనిషివేనా!"

తెక్లా గంప నింపుకుని వెళ్ళేదాకా తిట్లు ఆగలేదు. అంపారో ఆకులు తుడుస్తూ ఒక్కొక్క తిట్టూ విన్నది. నాలుగు రోజుల తరవాత మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

ఆదివారం అనుకున్నట్టే జరిగిపోయింది. మూడు వారాల్లో పెళ్ళి అనుకున్నారు. రొదెల్ మరీ తొందరపడుతున్నాడని అందరూ నవ్వారట. సేబ్యా అవ్వ వెళ్ళింది, నడుము నొప్పి వంకతో అంపారో వెళ్ళలేదు. సాయంత్రం పొద్దువాలకముందే ముసలావిడ ఖాళీ చేటతో తిరిగొచ్చింది. కొత్త వాసరు వేసిన బోరింగు దగ్గర అంపారో మర్నాటి బియ్యం కడుగుతోంది. ఆవిడ చేట గోడకి ఆనించి, పక్కన పీట వేసుకుని, తనూ బియ్యంలో చెయ్యి పెట్టింది.

"ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను. మళ్ళీ పనిలోకి రమ్మన్నాను."

"మంచిపని చేశారమ్మా."

కడుగు నీళ్ళు ఒకసారి పారబోశారు. రెండోసారి పట్టారు.

"మెట్లు దిగేటప్పుడు చూశాను," అంది ముసలావిడ. "చెయ్యి ఎక్కడ పెట్టుకుందో చూశాను. ఈ వీధిలో సగం పిల్లలు నా చేతుల్లో పడ్డవాళ్ళే. నాకు కళ్ళున్నాయి."

అంపారో బియ్యం ఇంకాస్త గట్టిగా పిసికింది.

"ఎన్నో నెల?"

తప్పించుకోవచ్చు. నాకేం తెలుసనొచ్చు. అంపారో నీళ్ళ అడుగున కదిలే బియ్యం చూసింది. ఈ ఒక్క మనిషికి అబద్ధమే కాదు, సగం నిజం కూడా చెప్పకూడదనిపించింది.

"మూడో నెల."

"శుక్రవారం పిండి కలిపింది అదేనా? నిజంగా?"

"అదే. మూడు నెలలుగా మన జాడీలో చెయ్యి పెడుతున్నదీ అదే."

సేబ్యా అవ్వ చేతులు బియ్యంలో ఆగిపోయాయి. ఆవిడ లోపల ఏం లెక్కలు వేసుకుందో, ఎన్ని పొద్దుల వెనక్కి వెళ్ళిందో, అంపారో అడగలేదు. ఎదురింటి రేడియోలో ఎవరో నవ్వారు. ముసలావిడ లేచి, తడిచేతులు గౌనుకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. తెక్లా ముందు కానీ, ఇంకెవరి ముందు కానీ ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు.

సోమవారం కోడి కూసింది. నీళ్ళు మరుగుతున్నాయి. అంపారో ఆకులు పట్టుకుని వచ్చేసరికి సేబ్యా అవ్వ జాడీ దగ్గర లేదు. పొయ్యి ముందు కూర్చుని, వీపు ఇటు పెట్టి, విసనకర్రతో మంట రాజేస్తోంది. మంట అప్పటికే బాగా మండుతోంది. జాడీ మీద గుడ్డ కట్టినది కట్టినట్టే ఉంది.

"అమ్మా, గుడ్డ తియ్యలేదా?"

"నువ్వు తియ్యి," అంది ఆవిడ తల తిప్పకుండా. "నాకు చెవులు సరిగ్గా వినపడ్డం లేదు."

అంపారో ముడి విప్పింది. ఇంత దగ్గరగా ఆ జాడీకి చెవి ఆనించడం ఆమెకు అదే మొదటిసారి. చల్లటి అంచు. లోపల చిటపట.

"లేచిందా?"

"లేచిందమ్మా."

విసనకర్ర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ముసలావిడ ఇటు చూడలేదు.

"అయితే ఆకులు పరుచు," అంది. "తెక్లా వచ్చే వేళయింది."